హెల్మెట్ రంగు సైటు వరకే



మమ్మల్ని మాట్లాడమంటే సైటు సంగతే మాట్లాడగలం. దోహాలో మా సైటు గేటు దగ్గర పొద్దున నిలబడితే మనిషి మొహం చూడనక్కర్లేదు, హెల్మెట్ చూస్తే చాలు. తెల్లదైతే ఇంజనీరో, మాలాంటి సూపర్‌వైజరో. పసుపుదైతే హెల్పర్. పనికి ఆ రంగులు అవసరమే. కానీ ఆ రంగు సాయంత్రం క్యాంపుకు, మెస్సుకు కూడా మన వెంట వస్తోంది.

గల్ఫులో పాస్‌పోర్టును బట్టి జీతం అన్నది మనకు కొత్త కాదు. ఐక్యరాజ్యసమితి తరఫున జాతి వివక్షను పరిశీలించే నిపుణురాలు 2019లో ఖతర్ వచ్చి చూసి, ఇక్కడ దేశాన్ని బట్టి కులవ్యవస్థ లాంటిది నడుస్తోందన్నారు. తర్వాత కొంత మారింది. కంపెనీ మారడానికి పాత యజమాని ఎన్‌ఓసీ అక్కర్లేదని 2020లో చట్టం వచ్చింది. 2021 మార్చి నుంచి ఏ దేశం వాళ్లకైనా కనీస వేతనం నెలకు 1000 రియాళ్లు. కంపెనీ తిండి పెట్టకపోతే ఇంకో 300, వసతి ఇవ్వకపోతే 500 ఇవ్వాలి.

కులం అన్న ఆ మాట విని మాకు సిగ్గేసింది. రూముకు కొత్తగా వచ్చిన పిల్లవాణ్ణి ముందు ఊరు, తర్వాత ఇంటిపేరు అడిగేది మనమే కదా!

మా తప్పు కూడా చెప్పుకోవాలి. జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా పొద్దున పదింటికల్లా ఎండలో పని ఆపాలని ఇక్కడ రూలుంది. మొన్న ఎండాకాలం, ఆ పదింటికి అరగంట ముందే ఒక హెల్పర్ తమ్ముడు షట్టరింగ్ దగ్గర పడిపోయాడు. తేరుకున్నాక "ముందే ఎందుకు చెప్పలేదురా?" అని అడిగాం. "ఎవరికి చెప్పాలన్నా? చార్జ్‌హ్యాండ్ తిడతడు. ఫోర్‌మన్ దగ్గరికి పోనియ్యరు. మీతోని ఎట్ల మాట్లాడాలె?" అన్నాడు. అతనికీ నీళ్ల డబ్బాకూ మధ్య నిలబడ్డ ముగ్గురమూ తెలుగువాళ్లమే.

అప్పట్నుంచి మా గ్యాంగులో పొద్దున సేఫ్టీ మీటింగులో ముందు హెల్పర్లే మాట్లాడతారు. తల తిరుగుతోందని ఎవరన్నా సరే, ఎవర్నీ అడగకుండా నీడకు పోవచ్చు. మేం వాళ్ల పక్కనే కూర్చుని తింటున్నాం. మొదట్లో వాళ్లకూ ఇబ్బందే, మాకూ ఇబ్బందే. ఇప్పుడు పప్పులో ఉప్పు తక్కువైతే మా మొహం మీదే చెప్తున్నారు.

జీతాల తేడా మా చేతిలో లేదు. పక్కన చోటివ్వడం మా చేతిలో పనే. తెల్ల హెల్మెట్ పెట్టుకున్న తెలుగువాళ్లందరూ రేపట్నుంచి మెస్సులో ఇది మొదలుపెట్టాలని కోరుతూ, సెలవు.