ఇరుగుపొరుగు దేశముల యంత్రపరీక్ష

పొన్నూరు చుట్టుపట్ల మాగాణి రైతు వరికోతకు కొన్ని దినములు ముందుగానే, నేలలో పదును ఉండగానే, నిలిచియున్న పైరులో మినుములు చల్లుట చిరకాలముగా వచ్చుచున్న ఆచారము. కొడవలితో కోసినంత కాలము ఆ లేత మొలకకు అంతగా అపాయము లేదు గాని, బరువైన చక్రముల కోతయంత్రము చేనిలోనికి దిగినచో తడినేల అణగి మొలక నలిగిపోవును. కనుక ఎక్కడనో తయారైన యంత్రము మన నేలకు, మన పైరుకు తగునా యని ముందుగా పరీక్షింపవలెను.

ఈ పని ఒక్క దేశము వలన తెమలునది కాదని గ్రహించియే ఆసియా దేశములు ఐక్యరాజ్యసమితి ప్రోద్బలమున 1977లో ఫిలిప్పీన్సు కేంద్రముగా వ్యవసాయ యంత్రముల ప్రాంతీయ సహకార వ్యవస్థను నెలకొల్పినవి. నేడు ఆ బాధ్యతను బీజింగులోని కేంద్రము వహించుచున్నది. భారతదేశము కూడ పాల్గొనుచున్న దాని పరీక్షాసంఘము పవర్ టిల్లరుకు, వరినాటు యంత్రమునకు, వీపున మోయు పవర్ స్ప్రేయరుకు ఉమ్మడి పరీక్షావిధులను రూపొందించినది.

ఈ మూడవది అల్పవస్తువని తలపరాదు. పడమటి మెట్టలలో పత్తికి, మిరపకు మందు కొట్టు కూలివాని వీపున గంటలకొలది ఉండునది అదియే. దాని తొట్టి కారినను, అదురు మితిమీరినను, బాధ వాని దేహమునకే కదా! నా దృష్టిలో ఈ సహకారమునకు పరమప్రయోజనము ఆ శ్రామికుని రక్షణయే.

మన రాష్ట్రమున అనంతపురము జిల్లా గార్లదిన్నెలో కేంద్రప్రభుత్వపు వ్యవసాయ యంత్ర శిక్షణ, పరీక్షా సంస్థ కలదు. రైతు సోదరులారా, యంత్రము కొనబోవునప్పుడు దాని పరీక్షా నివేదికను అడిగి చూచి, పిమ్మటనే బయానా ఒసంగుడు.