ఫైనల్ ఫాంటసీ: ఏ అంకెతో మొదలుపెట్టాలి?

ఫైనల్ ఫాంటసీ వీడియో గేమ్‌లు ఆడదామనుకునేవాళ్లు ముందు బెదిరేది వాటి పేర్లలోని అంకెలను చూసే. 1987లో జపాన్‌లో హిరోనోబు సకగుచి మొదలుపెట్టిన ఈ వరుస 2023లో పదహారో ఆటకు చేరింది. అన్నీ ఆడాలా? అక్కర్లేదు. అంకె మారితే లోకం, కథ, మనుషులు కూడా మారిపోతారు.

చిక్కల్లా ఏడోదానితోనే. 1997లో వచ్చిన ఆ కథనే ఇప్పుడు భాగాలుగా మళ్లీ తీస్తున్నారు. 2020లో వచ్చిన ‘రీమేక్’ మొదటిది, 2024 నాటి ‘రీబర్త్’ రెండోది. కొత్తది కదా అని ‘రీబర్త్’ ముందు కొన్నారో, కథ మధ్యలో దిగుతారు.

నన్నడిగితే 2001 నాటి పదో ఆటతో మొదలుపెట్టమంటాను. పోరాటం వంతులవారీగా సాగుతుంది, ఆలోచించుకోవడానికి తీరిక దొరుకుతుంది. పైగా కథానాయకుడు టీడస్ ఆ లోకానికి కొత్తవాడు. అతనికి చెప్పే సంగతులన్నీ మనకూ తెలిసిపోతాయి. ఇంత తేలిగ్గా లోపలికి పిలిచే ఆట ఈ వరుసలో మరొకటి లేదని నా అభిప్రాయం.

చేతివేగం కోరుకునే పెద్దవాళ్లకు పదహారోది ఉంది, పిల్లలకు మాత్రం వద్దు. పాతకాలపు బొమ్మలు ఇష్టమైతే మొదటి ఆరు ఆటలూ ఫోన్లోనే దొరుకుతాయి. వాటిలో ఆరోదాన్ని ముందు పట్టుకోండి.