గినీ పందిని ఎచ్చటినుండి తెచ్చుకొనవలెను?
(ఆవడిలో మన పాఠశాల తల్లిదండ్రుల సభయందు ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)



ఈ సభలో నేను మాటలాడవలసిన విషయమును ఈ సంవత్సరము కార్యవర్గమువారు గాక అయిదవ తరగతి బాలబాలికలు నిర్ణయించిరి. ఆ తరగతిలోని ఒకరి ఇంటికి రెండు గినీ పందులు వచ్చినవి. చూచి వచ్చిన వారందరును తమ తమ ఇండ్లలో మారాము మొదలుపెట్టిరి. మీలో కొందరు నాయొద్దకు వచ్చి, "కొనిపెట్టుటకు మాకు అభ్యంతరము లేదు, ఎచ్చట తీసికొనవలెనో చెప్పుడు" అనిరి. ఒక తల్లిగారు మాత్రము, "అయ్యవారూ, ఇంట్లో పందిని పెట్టుకుంటే చుట్టాలు గడప తొక్కుతారా?" అని అడిగిరి. ఆమె సందేహమునే మొదట తీర్చెదను.

ఇది పందియు గాదు, గినీ దేశమునకు చెందినదియు గాదు. ఎలుక, ఉడుత మొదలైన కొరికెడు జంతువుల వర్గములోనిది, పూర్తిగా శాకాహారి. దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వత ప్రాంతపు జనులు దీనిని వేల సంవత్సరముల క్రిందటనే మచ్చిక చేసిరి. వారు ఆహారముకొరకే పెంచిరి. పెరూ దేశమున నేటికిని తినుచున్నారు. పదునారవ శతాబ్దమున ఐరోపాకు చేరి, అచ్చటి పిల్లలకు ఆటతోడు అయినది. కనుక చుట్టముల విషయమున ఆ తల్లిగారు నిశ్చింతగా ఉండవచ్చును.

ఎచ్చట అను ప్రశ్నకు ముందు ఎప్పుడు అను ప్రశ్న ఉన్నది. ఆండీస్ చల్లని కొండసీమ, మన ఆవడి అట్టిది గాదు. ముప్పది డిగ్రీలు దాటినచో ఈ జంతువునకు వడదెబ్బ భయము కలదు. మనకు మే మాసమున నలువది డిగ్రీలు దాటిన దినములు అపురూపము గావు. రేకుల కప్పు క్రింద, మేడపైన, గాలిరాని వరండాలో దీనిని ఉంచుట చంపుటయే. ఇంటిలో అన్నిటికంటె చల్లని గది ఏది, ఆ గదిలో దీనికి చోటున్నదా, మధ్యాహ్నము విద్యుత్తు పోయినచో తడిగుడ్డ కప్పిన మట్టికుండను ప్రక్కన పెట్టుటకు మనిషి ఉందురా అని చూచుకొనుడు. లేనిచో నా సలహా ఏమనగా, తేవద్దు. పిల్లవాడు రెండు దినములు ఏడ్చును, మూడవనాడు మరచును. చోటున్నవారు కూడ ఎండలు తగ్గిన తరువాతనే తేవలెను.

ఇక తెచ్చు స్థలముల మాట. మీలో పెద్దవారికి సెంట్రల్ స్టేషను ప్రక్కనున్న మూర్ మార్కెట్ జ్ఞాపకముండును. పాత పుస్తకములకును, పక్షులు మొదలగు పెంపుడు జీవములకును అది పేరు పొందినది. 1985లో అగ్నిప్రమాదమున కాలిపోయినది. నేడు నగరములో పెంపుడు జంతువుల అంగళ్లు పలుచోట్ల వెలసినవి. అలంకారపు చేపలకు కొళత్తూరు ప్రసిద్ధి. అంగడిలో కొనుట సులభము, రూకలిచ్చి బుట్టలో పెట్టుకొని వచ్చుటయే. కాని ఆ సులభమునందే చిక్కు కలదు.

1960 నాటి జంతుహింసా నివారణ చట్టము క్రింద 2018లో కేంద్ర ప్రభుత్వమువారు పెంపుడు జంతువుల అంగళ్లకు నియమములు చేసిరి. అందు కుక్క, పిల్లి, కుందేళ్లతోపాటు గినీ పంది పేరును స్పష్టముగా చేర్చిరి. రాష్ట్ర జంతు సంక్షేమ మండలియొద్ద నమోదు చేయించుకొననిదే ఎవరును ఈ వ్యాపారము చేయరాదు. అంగడిలోనికి పోగానే ఆ నమోదు పత్రము ఎచ్చటనున్నదని అడుగుటకు మొగమాటపడవద్దు. బియ్యము కొనునప్పుడు గింజ నోట వేసికొని చూచుదుము గదా! పత్రము చూపలేని చోట ప్రాణమును కొననేల? బడి గేటువద్ద రంగులద్దిన కోడిపిల్లలను అమ్మువారివంటి వారియొద్ద కొనుట మాట తలపెట్టనే వద్దు.

అంగడిలోని అసలు చిక్కు మగ ఆడ భేదము. చిన్నవానిలో ఈ భేదము తెలిసికొనుట కష్టము. అమ్మువారు పలుమారులు పొరబడుదురు. ఆడది నాలుగైదు వారముల వయసుననే గర్భము ధరింపగలదు, మగది మూడు వారములకే తండ్రి కాగలదు. అన్నిటిని ఒకే బోనులో ఉంచిన అంగడినుండి మీరు తెచ్చిన "పిల్ల" రెండు మాసముల తరువాత మీ ఇంట ఈనవచ్చును. గర్భకాలము సుమారు రెండు మాసములకు పైన. ఈతకు రెండు మూడు, ఒక్కొక్కప్పుడు నాలుగు పిల్లలు. ఈనిన కొన్ని గంటలలోనే మరల గర్భము నిలుచును. ఒక్క జత తెచ్చినవారు సంవత్సరము తిరుగునప్పటికి ఎన్నింటికి గడ్డి కోయవలసి వచ్చునో పిల్లలచేత లెక్క కట్టింపుడు. గణితమునకు మంచి అభ్యాసము. అంతకంటె శోచనీయమైనది మరొకటి కలదు. ఆరేడు మాసములు దాటిన తరువాత తొలిసారి గర్భము ధరించిన ఆడదాని కటి ఎముకలు బిగిసిపోయి, ప్రసవము కష్టమై ప్రాణము పోవచ్చును.

ఒక తండ్రిగారు, ప్రయోగశాలలలో ఇవి వందలకొలది ఉండును గదా, అచ్చట అడుగరాదా అనిరి. అవి శాస్త్రపరీక్షలకై ప్రత్యేకముగా, నియమముల ననుసరించి పెంచబడునవి. ఇంటికి ఇచ్చుటకు ఉద్దేశింపబడినవి గావు. అయినను ఆ ప్రయోగశాలలకు ఈ జంతువును పెంచువారు ఒక విషయమున ఋణపడియున్నారు. 1907లో నార్వే దేశమున హోల్స్ట్, ఫ్రోలిక్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు గినీ పందులకు ధాన్యము మాత్రము పెట్టగా, వానికి నావికులకు వచ్చెడు స్కర్వీ వ్యాధి వచ్చినది. మనవలెనే ఈ జంతువును తన శరీరమున విటమిన్ సి తయారు చేసికొనజాలదని తరువాత తెలిసినది. కనుక అంగడివారు పొట్లముకట్టి ఇచ్చు గింజలు చాలవు. జామకాయ ముక్క, కొత్తిమీర ప్రతిదినము పెట్టవలెను. కడుపునకు మాత్రము గడ్డియే ప్రధానము. దంతములు జీవితాంతము పెరుగుచునే ఉండును గావున అరుగుటకు గడ్డి నములవలెను. అన్నము, రొట్టె, పాలు, ఉల్లి పెట్టరాదు.

జంతు సంరక్షణ సంఘముల మాట కూడ చెప్పవలెను. మద్రాసులో కెప్టెన్ వి. సుందరముగారు 1959లో బ్లూ క్రాసు స్థాపించిరి. అట్టి సంఘములకు చేరునవి ఎక్కువగా కుక్కలు, పిల్లులు, పశువులు. అయినను మోజు తీరి వదలివేసిన చిన్న జంతువులేమైన ఉన్నవేమో ముందుగా అచ్చట విచారించుట ధర్మము. వయసు వచ్చిన జంతువైనచో మగ ఆడ భేదము స్పష్టముగా తెలియును, స్వభావమును తెలియును. పిల్లలకు పసికూనయే కావలెనను పట్టుదల మనము కల్పించినదే.

నన్నడిగినచో అన్నిటికంటె మేలైనది, పిల్లలు పుట్టిన ఇల్లు. తల్లిని కన్నులార చూడవచ్చును. పుట్టిన తేదీ తెలియును. ఏమి తినుచున్నదో అడిగి, అదే మేతను కొంత మూటగట్టి తెచ్చుకొనవచ్చును. మగపిల్లలను మూడు వారములకే వేరు చేసితిరా అని అడుగుడు. జవాబునుబట్టి ఆ ఇంటివారి శ్రద్ధ తెలియును. అమ్మకముకొరకే ఈత వెంబడి ఈత వేయించుచున్న ఇల్లయినచో అది ఇల్లు గాదు, బోర్డు లేని అంగడి. ఎచ్చటనైనను కన్నులు మెరయుచున్నవా, ముక్కు పొడిగా ఉన్నదా, ఊపిరిలో టకటక శబ్దమున్నదా, వెంట్రుకలు ఊడి చర్మము కనబడుచున్నదా, వెనుకభాగము శుభ్రముగా ఉన్నదా అని నిదానముగా చూడుడు. వెంట్రుకలూడిన చోట తామర ఉండవచ్చును, అది పిల్లలకు అంటును. ముడుచుకొని మూలన కూర్చున్నదానిపై జాలిపడి తెచ్చువారు, దానిని నేరుగా వైద్యునియొద్దకు తీసికొనిపోవుటకు సిద్ధపడి తేవలెను.

ఇది మందలో బ్రతుకు జీవి, ఒంటరిగా ఉంచరాదు. రెండు ఆడవానిని గాని, కలసి పెరిగిన రెండు మగవానిని గాని తెచ్చుట యుక్తము. కుందేలుతో ఒకే బోనున ఉంచరాదు. కుందేలునకు బాధ కలిగింపని సూక్ష్మజీవి దీనికి ఊపిరితిత్తుల జబ్బు తెచ్చును.

జంతువుకంటె ముందు వైద్యుని వెదకుడు. వేపేరిలో 1903 నుండి పశువైద్య కళాశాల ఉన్నది, దానికి ఆసుపత్రి ఉన్నది. మన ఇంటి అలమరలోని మాత్రలను మాత్రము వేయవద్దు. పెన్సిలిన్ జాతి మందులు ఈ జంతువు ప్రేగులలోని మేలుచేయు సూక్ష్మజీవులను చంపి, దానిని కూడ చంపును. 1940 మే 25న ఆక్స్‌ఫర్డులో ఫ్లోరీ పండితుడు పెన్సిలిన్‌ను ఎనిమిది చుంచెలుకలపై పరీక్షించెను. చుంచెలుకలకు బదులు గినీ పందులను తీసికొనియున్నచో ఆ మందు విషమని ప్రక్కకు నెట్టివేయబడెడిదేమో!

మరియొక మాట. ఇవి అయిదారు సంవత్సరములు, కొన్ని ఎనిమిది సంవత్సరములును బ్రతుకును. అయిదవ తరగతిలో అడిగిన బాలుడు పదవ తరగతి పబ్లిక్ పరీక్షలు వ్రాయు నాటికి కూడ అది ఇంటనే ఉండును. సంక్రాంతికి నెల్లూరో తిరుపతియో పోవునప్పుడు ఎవరు చూతురు? పిల్లవానికి జ్వరము వచ్చిననాడు బోను ఎవరు కడుగుదురు? ఆ పని తల్లి నెత్తిన పడుననుట మనకందరకు తెలిసిన రహస్యమే. కనుక ఆమె సమ్మతి లేనిదే తేరాదు. తండ్రులు ఈ మాటకు నవ్వుచున్నారు గాని, నేను వేళాకోళమునకు అనలేదు.

పాఠశాలలో ఒక జతను ఉంచవలెనని పిల్లలు వినతిపత్రమిచ్చిరి. నేను అంగీకరింపలేదు. శని ఆదివారములును, వేసవి సెలవులును బడి తాళములో ఉండును. దానికి బదులుగా మన విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయులవద్ద ఒక పుస్తకము ఉంచితిమి. తమ ఇంట పిల్లలు పుట్టినవారు తేదీ, ఆడ మగ సంఖ్య అందు వ్రాయింపవచ్చును. కోరువారును తమ పేరు వ్రాయింపవచ్చును. సొమ్ము ప్రసక్తి లేదు. బడి వెనుక పంపు ప్రక్కన గరిక ఏపుగా పెరిగియున్నది, దానిపై ఏ మందును చల్లలేదు. ఉదయము ఎనిమిది గంటలకు ముందు ఎవరైనను వచ్చి కోసికొనిపోవచ్చును. కొడవలి మాత్రము మీరే తెచ్చుకొనవలెను.