దగ్గులో రక్తం పడితే టీబీ ఒక్కటేనా?

మా చెల్పూర్‌లో దగ్గులో రక్తం పడిందంటే అందరి నోటా ఒకటే మాట: టీబీ. తప్పేం లేదు, ముందు చూడాల్సింది దాన్నే. గవర్నమెంట్ హాస్పిటల్లో తెమడ పరీక్ష ఫ్రీ. కానీ రిపోర్టు నెగెటివ్ వచ్చినా రక్తం ఆగకపోతే? ఈరోజు ఎపిసోడ్ ఆ 'కానీ' గురించే.

నేను డాక్టర్ని కాదు, బీటెక్ చదివి కోడ్ రాసుకున్నోణ్ని. నా భాషలో చెప్తా. యాంటీవైరస్ మన సిస్టమ్ ఫైల్స్‌నే డిలీట్ చేస్తే ఎట్లుంటది? ఏఎన్‌సీఏ వాస్కులైటిస్ అట్లాంటిదే. మన ఒంట్లో తయారైన యాంటీబాడీలే తెల్లకణాలను రెచ్చగొడతాయి. అవి పోయి సన్న రక్తనాళాల గోడలను దెబ్బతీస్తాయి. ఎక్కువ దెబ్బ పడేది ఊపిరితిత్తులకు, కిడ్నీలకు.

ఊపిరితిత్తుల్లో ఆ నాళాలు చిట్లితే గాలి గదుల్లోకి రక్తం చేరుతుంది. గంటల్లోనే ప్రాణం మీదికి రావచ్చు. ఇంకో మెలిక ఏంటంటే, ఇట్లా రక్తస్రావం అయినవాళ్లలో దాదాపు మూడో వంతు మందికి దగ్గులో రక్తమే కనిపించదు. ఆయాసం పెరుగుతుంది, హిమోగ్లోబిన్ పడిపోతుంది, అంతే. ఎక్స్‌రేలో మచ్చలు చూస్తే టీబీ లాగే ఉండొచ్చు.

మరి అనుమానం ఎట్లా రావాలి? మూత్ర పరీక్ష చేయించండి. ఖర్చు చాలా తక్కువ. మూత్రంలో రక్తం, ప్రోటీన్ ఉన్నా, క్రియాటినిన్ పెరిగినా, ముక్కులోంచి తరచూ రక్తం వస్తున్నా, కాళ్లమీద ఎర్రమచ్చలు లేచినా డాక్టర్‌ని అడగండి: "సార్, ఏఎన్‌సీఏ టెస్ట్ అవసరమా?" టీబీలో కూడా ఒక్కోసారి ఈ టెస్ట్ పాజిటివ్ వస్తుంది. కాబట్టి రిపోర్టు చూసి మనమే తీర్పు చెప్పొద్దు.

మన దగ్గర గనులు, క్వారీలు, క్రషర్లలో పనిచేసేవాళ్లు ఎక్కువ. రాతిదుమ్ములోని సిలికాకు, ఈ జబ్బుకు సంబంధం ఉందని పరిశోధనలు చెప్తున్నాయి. దుమ్ము పీల్చిన అందరికీ వస్తుందని కాదు. కానీ మీ నాన్న చేసే పనేంటో డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి.

1958లో అచ్చయిన ఒక పరిశీలన ప్రకారం, సరైన మందుల్లేని ఆ రోజుల్లో ఇందులో ఒక రకం వచ్చినవాళ్లలో 82 శాతం మంది ఏడాదిలోపే చనిపోయారు. ఇప్పుడు స్టెరాయిడ్స్, సైక్లోఫాస్ఫమైడ్, రిటుక్సిమాబ్ ఉన్నాయి. టైమ్‌కి మొదలుపెడితే చాలామంది బతుకుతున్నారు. ఈ మందులు ఇన్‌ఫెక్షన్లను తట్టుకునే శక్తిని తగ్గిస్తాయి. అందుకే జ్వరం వస్తే ఆగకుండా చూపించుకోవాలి, గోళీలు సొంతంగా మానొద్దు.

రక్తం పడుతూ ఆయాసం వస్తే మాత్రం రేపటిదాకా చూడొద్దు. 108కి కాల్ చేయండి. ఈ వీడియో మీ ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టండి. ఉంటా మరి, బై.