విప్పని జాబులోని దొంగ



2015వ సంవత్సరము డిసెంబరు 23వ తేదీని ఉక్రెయిన్ దేశపు పశ్చిమభాగమున ఇవానో-ఫ్రాంకివ్‌స్క్ ప్రాంతమందలి విద్యుత్ కార్యాలయములో, ఉద్యోగులు చూచుచుండగనే కంప్యూటరు తెరమీది బాణపుగుర్తు తనంతట తాను కదలి, ఉపకేంద్రముల సరఫరాను ఒకటి వెనుక నొకటిగా త్రెంచివైచినది. నాడు మూడు సంస్థలకు చెందిన సుమారు 2,25,000 మంది ఖాతాదారులకు దీపము లారినవి. సిబ్బంది ఉపకేంద్రములకు స్వయముగా పోయి, చేతితో మీటలు వేసి, కొన్ని గంటలలో వెలుగును మరల తెచ్చిరి.

దొంగలు గోడకు కన్నము వేయలేదు. నెలల ముందుగనే ఈ-మెయిలు జాబులతో విషము పంపి, ఉద్యోగుల రహస్యపదములను హరించి, దూరమునుండి పనిచేయువారికై ఏర్పరచిన గుప్తమార్గముననే లోనికి నడచిరి. రహస్యపదము గాక రెండవ నిదర్శనము నడుగు ఏర్పాటు అందు లేకపోయెను. ఆ మార్గమున పోవు ప్రతి మాటయు గూఢలిపిలో నుండును. నడుమ నున్నవాడు చదువజాలడు. పరుల కన్ను పడకుండ వేసికొన్న తెరయే దొంగకు ముసుగైనది.

చదువరాని జాబులోని దురుద్దేశమును కనిపెట్టుటెట్లు? నేను బడిపంతులుగా నున్న కాలమున పిల్లలు చేతినుండి చేతికి పంపుకొను చీటీలను విప్పి చూచెడివాడను గాను. ఎవడు, ఎవనికి, ఏ వేళ, ఎన్నిసార్లు పంపుచున్నాడో చూచిన చాలెడిది.

విద్యుత్ యంత్రముల సంభాషణ మన రచ్చబండ ముచ్చట వంటిది గాదు. కేంద్రము కొన్ని క్షణముల కొకసారి 'వోల్టేజి యెంత? మీట యెట్లున్నది?' అని యడుగును. ఉపకేంద్రము బదులు చెప్పును. రేయింబవళ్లు అవే ప్రశ్నలు, ఇంచుమించుగా అంతే పొడవు. ఇట్టి చోట క్రొత్తవాడు త్వరగా బయటపడును. ఎన్నడును బయటికి పలుకని యంత్రము పరదేశమునకు జాబు వ్రాసినను, చిన్న జాబులకు మారుగా పెద్దమూటలు వెడలినను కావలివాడు మేల్కొనవలెను. దొంగ సాఫ్ట్‌వేరు తన యజమానికి తరచుగా నియమితకాలమున 'ఇచ్చటనే యున్నాను' అని కబురంపును. ఆ నియమమే దానిని పట్టియిచ్చును. మఱియు గూఢలిపి మొదలగుటకు ముందు యంత్రములు తమకు వచ్చిన లిపుల పట్టికను చాలవరకు బాహాటముగనే చెప్పుకొనును. తలుపు చాటున నున్నవానిని గొంతునుబట్టి పోల్చినట్లు, ఆ పట్టికనుబట్టి అది యే సాఫ్ట్‌వేరో పెక్కుసార్లు ఊహింపవచ్చును.

అయినను చిక్కు లేకపోలేదు. గాలివాన రాత్రి నిజమైన ఇంజనీరును వేళగాని వేళ లోనికి వచ్చును. ఊరకే గంటకొట్టు కావలివానిని మూడవనాడు ఎవరును లక్ష్యపెట్టరు. నేనును ఒకనాడు, జ్వరపడిన తమ్మునికి మందు తెమ్మని చీటీ వ్రాసిన బాలుని దోషిగా నిలబెట్టితిని. ఆ ముఖము నేటికిని మరువలేదు. అందుచే అనుమానము తోచినప్పుడు ముందుగా ఆ యుద్యోగికి ఫోను చేసి 'వచ్చినది మీరేనా?' అని యడుగవలెనని నా యభిప్రాయము. ఉక్రెయిన్‌లో నాడు ఫిర్యాదుల టెలిఫోనును గూడ దొంగపిలుపులతో నింపివైచిరి. కావున ఆ ఫోను వేరొక తీగెపై నుండవలెను.