పిచ్చి యను మాట

మన బాన్సువాడ ప్రాంతమున నెవరైన వింతగా ప్రవర్తించిన "వీనిని ఎర్రగడ్డకు పంపవలె"నని నవ్వుదురు. హైదరాబాదున మానసిక రోగులకు వైద్యము చేయు చోటు, మన నోట నెగతాళి మాట యైనది.

మాటలకు భేదము కలదు. క్షణమున కొక తీరు మారునది తిక్క. కపట మెరుగనివాడు వెర్రిబాగులవాడు. ఉన్మాదమన్ననో వ్యాధి, చరకసంహిత దానికి నిదానమును, చికిత్సను చెప్పినది. మనము మూటిని గలిపి "పిచ్చి" యందుము.

భాగవత పంచమస్కంధమున జడభరతుని లోకము మందుడనుకొన్నది. పల్లకి కుదుపునకు కినిసి పరిహసించిన రహూగణుడు, ఆయన బదులు విని, దిగివచ్చి పాదములపై బడెను. చూడక పేరు పెట్టరాదు.

కావున తిక్కను సహింపుడు, వెర్రిబాగులవాని నాదరింపుడు, ఉన్మాదిని వైద్యుని కడకు చేర్చుడు. మన నవ్వునకు వెరచి రోగమును దాచు నింట, ఆ పాపమున మనకును భాగము కలదు. స్వస్తి.