పుస్తకం ఏ ఊళ్లో ఉంది?

(అయ్యంకి వెంకటరమణయ్య స్మారకోపన్యాసం)

గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ మొదటి కూర్పు 1897లో అచ్చయింది. ఆయన దాన్ని బాగా పెంచి, తిరగరాసి 1909లో రెండో కూర్పు తెచ్చారు. ఇవాళ తెలుగువాళ్లు చదివేదీ ఆడేదీ ఆ రెండోదే. రెండు కూర్పులనూ పక్కపక్కన పెట్టుకుని ఏ రంగం ఎలా మారిందో చూడాలని ఒక పరిశోధక విద్యార్థిని పూనుకుంటే, ఆమెకు ఎదురయ్యే మొదటి చిక్కు నాటకంలో ఉండదు. ఆ పాత ప్రతి ఎక్కడుంది? రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలోనా, వేటపాలెం సారస్వత నికేతనంలోనా, హైదరాబాదు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయంలోనా, చెన్నైలోనా, లండన్‌లోనా? ఒక్కో చోటికీ ఉత్తరం రాసి, ఫోన్ చేసి, రైలెక్కి కనుక్కోవాలంటే పరిశోధనకు ఇచ్చిన గడువు అక్కడే సగం కరిగిపోతుంది.

అయ్యంకి వారు (1890–1979) జీవితమంతా పనిచేసింది పుస్తకానికీ పాఠకుడికీ మధ్య ఉన్న ఈ దూరం మీదే. 1914 ఏప్రిల్‌లో బెజవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షతన ఆంధ్రదేశ గ్రంథాలయాల ప్రతినిధులు ఒకచోట చేరారంటే దాని వెనక ఆయన పూనిక ఉంది. 1935లో కృష్ణా డెల్టా కాలువల మీద పడవలో గ్రంథాలయం తిరిగింది. ఎక్కడికక్కడ పుట్టిన గ్రంథాలయాలను ఒక సంఘంగా కూర్చడం ఆ తరం చేసిన పని. వాటి జాబితాలను ఒక్కచోట వెతికేలా కూర్చడం ఈ తరం వంతు. మొదటి పని జరిగినంత పట్టుదలగా రెండోది జరగడం లేదు.

జాబితాలను కలిపి వెతకడానికి ప్రపంచంలో రెండు దారులున్నాయి. మొదటిది, అన్నిటినీ తెచ్చి ఒకే చోట పోయడం. 1960లలో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో హెన్రియెట్ ఎవ్రమ్ అనే ప్రోగ్రామరు, గ్రంథాలయ కార్డు మీది వివరాలను కంప్యూటరు చదవగలిగేలా గళ్లుగా విడగొట్టి ‘మార్క్’ పద్ధతిని రూపొందించారు. రచయితకు 100 గడి, శీర్షికకు 245, కూర్పుకు 250. 1967లో ఒహాయో రాష్ట్ర కళాశాలలు కలిసి ఓసీఎల్‌సీ సంస్థను పెట్టుకున్నాయి, 1971లో కంప్యూటరు ద్వారా ఉమ్మడిగా జాబితా రాయడం మొదలుపెట్టాయి. ఒక గ్రంథాలయం రాసిన కార్డునే మిగతావి వాడుకునేవి. అది పెరిగి పెరిగి ఇప్పటి వరల్డ్‌క్యాట్ అయింది.

రెండో దారికి జర్మనీలోని కార్ల్స్‌రూ మంచి ఉదాహరణ. జర్మనీలో గ్రంథాలయాలు ప్రాంతాల వారీగా కూటములు కట్టుకున్నాయి. ఒక్కో కూటమికీ ఒక్కో ఉమ్మడి జాబితా. దేశమంతటికీ కలిపి ఒకటి లేకపోవడంతో పాఠకుడు అదే ప్రశ్నను అరడజను చోట్ల టైపు చేయాల్సి వచ్చేది. 1996లో కార్ల్స్‌రూ విశ్వవిద్యాలయ గ్రంథాలయం దీనికి ఒక విరుగుడు కనిపెట్టింది. అక్కడివాళ్లు తయారుచేసిన ‘వర్చువల్ కేటలాగు’లో సొంత డేటాబేసు లేదు, ఒక్క పుస్తకం వివరం కూడా అది దాచుకోదు. పాఠకుడు టైపు చేసిన ప్రశ్నను, అతడు టిక్కు పెట్టిన జాబితాలన్నిటికీ ఒకేసారి పంపుతుంది, ఊరంతటికీ దండోరా వేసినట్టు. జవాబులు వచ్చిన కొద్దీ ఏ జాబితా జవాబు ఆ జాబితా కింద చూపిస్తుంది. జర్మనీ దాటి ఆస్ట్రియా, స్విట్జర్లాండ్, ఇంకా ఎన్నో దేశాల జాబితాలు ఇప్పుడందులో ఉన్నాయి. పుట్టి ముప్పయ్యేళ్లవుతున్నా పరిశోధకులు దాన్ని వాడుతూనే ఉన్నారు. తన దగ్గర ఏమీ పోగుచేసుకోకుండా ఇంతమందికి ఇంత సాయం చేసిన సాధనం గ్రంథాలయ చరిత్రలో అరుదు.

ఒక్కో గ్రంథాలయం సాఫ్ట్‌వేరు ఒక్కో రకం. మరి అన్నిటికీ ఒకే ప్రశ్న అర్థమయ్యేదెలా? దానికోసం 1988లో అమెరికాలో జెడ్39.50 అనే ప్రమాణం వచ్చింది, 1998లో అంతర్జాతీయ ప్రమాణమూ అయింది. ఇందులో ప్రశ్న అంకెలతో నడుస్తుంది. శీర్షికలో వెతకమనడానికి 4, ఐఎస్‌బీఎన్‌కు 7, రచయితకు 1003. అవతలి యంత్రం జపాను జాబితాదైనా బ్రెజిల్ జాబితాదైనా, 1003 అంటే రచయిత పేరని దానికి తెలుసు. అన్ని గ్రంథాలయాలూ ఈ ప్రమాణాన్ని పాటించవు. పాటించని జాబితాలకు విడిగా అనుసంధానాలు రాసుకోవాలి, అవతలివాళ్లు తమ పేజీ మార్చినప్పుడల్లా వాటిని సరిచేస్తూ ఉండాలి. జవాబులన్నీ కలిపి ఒకేసారి చూపాలంటే, అన్నిటికన్నా నిదానంగా జవాబిచ్చే జాబితా కోసం మిగతావన్నీ ఆగాలి. ఏ జవాబు ముందుండాలో ఒక్కో జాబితా ఒక్కో రకంగా తేలుస్తుంది కాబట్టి, అన్నిటినీ కలిపి ఒక వరసలో పెట్టడం కష్టం.

ఈ విసుగుతోనే 2009 నుంచి పెద్ద విశ్వవిద్యాలయాలు మళ్లీ మొదటి దారికి మళ్లాయి. సమ్మన్ లాంటి సాధనాలు జాబితాలనూ పత్రికల వ్యాసాల వివరాలనూ ముందే పోగుచేసి ఒకే సూచికగా కట్టిపెడతాయి. జవాబు క్షణంలో వస్తుంది. కానీ ఆ సూచికలో ఏవి చేరాయో, ఏవి చేరలేదో పాఠకుడికి కనబడదు. ‘ఫలితాలు లేవు’ అని వస్తే ఆ పుస్తకమే లేదనుకుంటాడు. కార్ల్స్‌రూ పద్ధతిలో ఏ జాబితా జవాబిచ్చిందో, ఏది ఇవ్వలేదో కళ్లెదుట ఉంటుంది. నిదానమైనా పరిశోధకుడికి మేలైనది ఆ పద్ధతే.

ఇక తెలుగు సంగతి. 1962 నుంచి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఢిల్లీ కార్యాలయం ‘పీఎల్ 480’ కింద భారతీయ భాషల పుస్తకాలను కొనడం మొదలుపెట్టింది. అమెరికా మన దేశానికి అమ్మిన గోధుమల తాలూకు రూపాయలే ఆ డబ్బు. అలా కొన్న తెలుగు పుస్తకాలు షికాగో, విస్కాన్సిన్, బర్క్‌లీ లాంటి విశ్వవిద్యాలయాలకు చేరాయి, వాటి వివరాలు అక్కడి జాబితాలకెక్కాయి. ఆ కాలపు తెలుగు నవల ఒకటి ఇక్కడి శాఖా గ్రంథాలయంలో చేతిరాత యాక్సెషన్ రిజిస్టరు దాటి బయటికి రాకపోవడం, అమెరికా జాబితాలో మాత్రం ప్రచురణ సంవత్సరంతో సహా కనబడడం అరుదేమీ కాదు. ఆనందించాల్సిన సంగతే, బాధపడాల్సిన సంగతి కూడా.

కనబడడానికి కూడా ఒక కిటుకు తెలియాలి. ఆ వివరాలు రోమన్ లిపిలో, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ నియమాల ప్రకారం ఉంటాయి. ‘శ’కు ఎస్ అక్షరం, దాని మీద గీత. దీర్ఘానికి అచ్చు మీద అడ్డగీత. ఆ గీతలు టైపు చేయకపోయినా చాలా యంత్రాలు సర్దుకుంటాయి. అలవాటు కొద్దీ ఎస్ పక్కన హెచ్ చేర్చితే మాత్రం సర్దుకోవు. పుస్తకం ముఖపత్రం మీద ‘కన్యాశుల్కము’ అని ఉంటే జాబితాలోనూ చివర ‘ము’ ఉంటుంది. ‘కన్యాశుల్కం’ అని వెతికినవారికి అది దొరకదు. అందుకే అనుభవమున్నవారు ‘కన్యాశుల్క’ వరకే రాసి చివర నక్షత్రం గుర్తు పెడతారు. తెలుగు శీర్షికలకు ఇంతకన్నా పనికొచ్చే ఉపాయం లేదు.

రచయితల పేర్లది ఇంకో చిక్కు. మనకు ఇంటిపేరు ముందు, పాశ్చాత్యులకు చివర. ఆ తేడా తెలియని చోట గురజాడ వారు ఒక జాబితాలో ‘గ’ కింద, మరో జాబితాలో ‘అ’ కింద తేలతారు. కలం పేర్లు సరేసరి. ఆరుద్ర అని వెతికితే భాగవతుల సదాశివశంకర శాస్త్రి పేరున నమోదైన పుస్తకం రావాలంటే, ఆ రెండు పేర్లూ ఒకరివేనని ఎవరో ఒకచోట రాసిపెట్టాలి. వయాఫ్ అనే అంతర్జాతీయ పేర్ల పట్టిక చేసే పని అదే. జాతీయ గ్రంథాలయాలు వాడే రకరకాల రూపాలను ఒక మనిషికి ఒక సంఖ్య కింద చేరుస్తుంది.

కూర్పుల దగ్గర పొరపాటు జరిగితే నష్టం ఎక్కువ. కలిపి వెతికే సాధనాలు ఒకే పుస్తకం పదిసార్లు కనబడకుండా నకళ్లను ఏరివేస్తాయి. ఐఎస్‌బీఎన్ ఉన్న పుస్తకాలకు ఇది తేలిక. ఆ సంఖ్య 1970 ప్రాంతంలో వచ్చింది. అంతకు ముందటి తెలుగు పుస్తకాలకు అది లేదు, తర్వాత రచయితలు సొంతంగా అచ్చేసుకున్న వాటిలోనూ చాలావాటికి లేదు. అప్పుడు సాధనం శీర్షిక, రచయిత పేరు మాత్రమే చూసి 1897 కూర్పునూ 1909 కూర్పునూ ఒకటిగా లెక్కేసే ప్రమాదముంది. 250 గడిలో కూర్పు సంఖ్య, దానితో పాటు సంవత్సరం రాసి ఉండి, సాధనం వాటినీ పోల్చి చూస్తే ఆ తప్పు జరగదు.

మన దేశంలో పని మొదలవకపోలేదు. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ విశ్వవిద్యాలయ గ్రంథాలయాల జాబితాలను ‘ఇండ్‌క్యాట్’ పేరుతో కలిపింది. ఐఐటీ ఖరగ్‌పూర్ తయారుచేసిన జాతీయ డిజిటల్ లైబ్రరీని 2018లో జాతికి అంకితం చేశారు. కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి చొరవతో నడిచిన ‘మిలియన్ బుక్స్’ కార్యక్రమంలో వేల తెలుగు పుస్తకాలు స్కాన్ అయ్యాయి. కానీ వాటి పేర్లను రోమన్ లిపిలో తోచినట్టు టైపు చేయడం వల్ల ఎన్నో ఉండీ దొరకని పుస్తకాలయ్యాయి. తెలుగు వికీపీడియా స్వచ్ఛంద కార్యకర్తలు ఆ పేర్లను తెలుగు లిపిలోకి మార్చి జాబితాలు కట్టారు. వాళ్లు చేసిన ఆ పనికి తెలుగు పరిశోధన రుణపడి ఉంది.

మిగిలిపోయినవి పౌర గ్రంథాలయాలు, వందేళ్లు దాటిన ప్రైవేటు గ్రంథాలయాలు. ఇండ్‌క్యాట్ విశ్వవిద్యాలయాల కోసం పుట్టింది కాబట్టి వీటికి అందులో చోటు లేదు. పాత తెలుగు అచ్చు పుస్తకాలు ఎక్కువగా ఉన్నది ఈ అల్మారాల్లోనే. వాటి జాబితాలను కంప్యూటరుకెక్కించడానికి సాఫ్ట్‌వేరు కొనాల్సిన పని కూడా లేదు. న్యూజిలాండ్‌లోని ఒక చిన్న గ్రంథాలయ సంస్థ కోసం 1999లో రాసిన ‘కోహా’ ఉచితం, మార్క్ గళ్లూ జెడ్39.50 ప్రమాణమూ అందులోనే ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐసీ తయారుచేసిన ‘ఈ-గ్రంథాలయ’ మరొకటి. తెలుగు లిపికి యూనికోడ్‌లో 1991 నుంచే స్థానం ఉంది. డీటీపీ కోసం వచ్చిన పాత ఫాంట్లలో టైపు చేసిన జాబితా తెర మీద తెలుగులా కనిపించినా వెతుకులాటకు అందదు కాబట్టి, జాబితా ఏదైనా యూనికోడ్‌లోనే ఉండాలి.

రెండు తెలుగు రాష్ట్రాల ప్రజలూ ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ పన్నూ కడుతున్నారు. జిల్లా గ్రంథాలయ సంస్థల దగ్గర ఏ పుస్తకాలున్నాయో ఇంట్లో కూర్చుని చూసుకునే హక్కు వారికుంది. ముందుగా 1950కి పూర్వం అచ్చయిన పుస్తకాలను తీసుకోండి. శీర్షిక ముఖపత్రం మీద ఉన్నది ఉన్నట్టు, రచయిత ఇంటిపేరుతో సహా, కూర్పు, సంవత్సరం, ప్రచురణకర్త, ఊరు. ఇవి చాలు. గ్రంథాలయ శాస్త్రం చదివే విద్యార్థులకు దీన్ని ప్రాజెక్టుగా ఇవ్వాలని విశ్వవిద్యాలయాలను అడుగుదాం. మీ ఊళ్లో పాత గ్రంథాలయం ఉంటే ఒక ఆదివారం వెళ్లి, అక్కడి రిజిస్టరులో కొన్ని పేజీలైనా తెలుగులో టైపు చేసిపెడతామని గ్రంథపాలకుడితో చెప్పండి.